క్లచ్ పనికి గేర్‌బాక్స్ దించారా? ఏది తుడవాలి, దేనికి గ్రీజు పెట్టాలి, ఏది మార్చాలి

"అన్నా, గేర్‌బాక్స్ దించినం. ప్లేట్ ఒక్కటే వెయ్యాల్నా, సెట్ మొత్తం మార్చాల్నా?"

ఆటోనగర్ షెడ్డు నుంచో, ఇంటి దగ్గరి మెకానిక్ నుంచో ఈ ఫోన్ వచ్చేసరికి మనం ఆఫీసులో ఏదో పనిలో ఉంటాం. అక్కడ కారు సగం విప్పి ఉంది, షాపు నుంచి సామాను తెప్పించాలి, జవాబు వెంటనే కావాలి. చాలామంది "నువ్వే చూసి చెయ్యి" అనేసి ఫోన్ పెట్టేస్తారు. సరైన జవాబు చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఏ పార్టు ఎక్కడుంటుంది, అది తర్వాత పాడైతే మళ్లీ ఎంత విప్పాలి అన్నది తెలిస్తే చాలు.

నా లెక్క ఇది. క్లచ్ పనిలో ఎక్కువ శ్రమ, ఎక్కువ కూలి గేర్‌బాక్స్ దించి ఎక్కించడానికే పోతుంది. ఆల్టో, స్విఫ్ట్, ఐ10, టియాగో లాంటి కార్లలో ఇంజిన్ ముందు చక్రాలనే తిప్పుతుంది. వీటిలో గేర్‌బాక్స్ దించాలంటే గేర్ ఆయిల్ తీయాలి, డ్రైవ్ షాఫ్టులు ఊడదీయాలి, మౌంటింగులు విప్పాలి, ఇంజిన్ కిందికి జారకుండా ఆపి పెట్టాలి. అందుకే బెల్ హౌసింగ్ (ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే చోట క్లచ్‌ను కప్పి ఉంచే గుల్ల) లోపల ఉండే పార్టుకు ఒక న్యాయం, బయట ఉండే పార్టుకు ఇంకో న్యాయం. లోపలిది కాస్త అనుమానంగా ఉన్నా ఇప్పుడే మార్చేయాలి. బయటిది బాగా పనిచేస్తుంటే వదిలేయొచ్చు, పోయినప్పుడు విడిగా వేసుకోవచ్చు.

విప్పే ముందు జబ్బు తేల్చుకోండి

ఎక్సలేటర్ తొక్కితే ఇంజిన్ మోత పెరిగి బండి స్పీడు పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టు. ప్లేటు అరిగి ఉండాలి, లేదా దాని మీద ఆయిల్ పడి ఉండాలి. కేబుల్ మరీ బిగుతుగా ఉండి క్లచ్ పూర్తిగా వదలకపోయినా జారుతుంది. అది కేబుల్ సర్దితే పోయే జబ్బు, గేర్‌బాక్స్ జోలికి వెళ్లే పని లేదు.

పెడల్ తొక్కినప్పుడు మాత్రమే శబ్దం వస్తే ముందు రిలీజ్ బేరింగ్‌నే (పెడల్ తొక్కితే క్లచ్‌ను నొక్కి విడిపించే బేరింగ్) అనుమానించాలి. న్యూట్రల్‌లో పెడల్ వదిలినప్పుడు వచ్చి, తొక్కగానే ఆగిపోయే శబ్దం సాధారణంగా గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ (క్లచ్ నుంచి గేర్‌బాక్స్‌లోకి వెళ్లే కడ్డీ) బేరింగ్‌ది. కొత్త క్లచ్ సెట్ వేసినా ఆ శబ్దం పోదు. ఈ తేడా ముందే చెబితే మెకానిక్ గేర్‌బాక్స్ కిందికి దించాక షాఫ్టును చేత్తో ఊపి చూస్తాడు. చెప్పకపోతే కొత్త సెట్ వేసి, పాత శబ్దంతోనే బండి మీ చేతికి వస్తుంది. బండి కదిలేటప్పుడు వణుకు వస్తే ప్లేటు, ఫ్లైవీల్‌తో (క్లచ్ ప్లేటు ఆనే, ఇంజిన్‌తో తిరిగే బరువైన చక్రం) పాటు ఇంజిన్ మౌంటింగులనూ చూడమనాలి.

బండి ఎక్కడ తిరిగిందన్నది కూడా చెప్పండి. 163వ నంబరు జాతీయ రహదారి మీద వారానికోసారి హైదరాబాద్ వెళ్లొచ్చే కారు క్లచ్ వేరు, పత్తి, మిర్చి సీజన్లో ఎనుమాముల మార్కెట్ దారిలో ట్రాక్టర్ల వెనక రోజూ పాకే కారు క్లచ్ వేరు. హన్మకొండ చౌరస్తా, కాజీపేట సెంటర్ లాంటి చోట్ల హాఫ్ క్లచ్ మీద నిలబెట్టే అలవాటు ప్లేటును త్వరగా తినేస్తుంది. మేడారం జాతరప్పుడు తాడ్వాయి దారిలో కిలోమీటర్ల కొద్దీ ఫస్ట్ గేర్‌లో నడిచిన బండిని తర్వాత విప్పి చూస్తే ఫ్లైవీల్ మీద నీలం మచ్చలు కనిపించినా ఆశ్చర్యపోనక్కర్లేదు. అవి కాలిన గుర్తులు. అలాంటి బండిలో నిర్ణయాలన్నీ "మార్చడం" వైపే మొగ్గాలి.

ప్లేటు ఒక్కటేనా, మొత్తం సెట్టా?

సెట్ అంటే మూడు: క్లచ్ ప్లేటు, దాన్ని ఫ్లైవీల్‌కు అదిమి పట్టే ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్. ఈ మూడూ ఒకే రోజు పని మొదలుపెట్టాయి, ఇంచుమించు ఒకే తీరుగా అరిగాయి. ప్లేటు లైనింగ్ (మీది రాపిడి పొర) రివెట్ల దాకా అరిగిందంటే, ప్రెషర్ ప్లేటు స్ప్రింగు వేల సార్లు వంగి లేచి అలసిపోయి ఉంటుంది. దాని ఫింగర్ల (మధ్యలోకి వేళ్లలా వచ్చే ఆ స్ప్రింగు పట్టీల) కొసలను రిలీజ్ బేరింగ్ రాపిడి తినేసి ఉంటుంది. పాత ప్రెషర్ ప్లేటు కింద కొత్త ప్లేటు పెడితే కొన్నాళ్లు బాగానే నడుస్తుంది. తర్వాత పెడల్ గట్టిపడటమో, వణుకు రావడమో, మళ్లీ జారడమో మొదలవుతుంది.

అందుకే చాలా బండ్లకు నా ఓటు సెట్‌కే. ప్లేటు ఒక్కటే వేయడం సరైన సందర్భాలూ ఉన్నాయి. ఉదాహరణకు సెట్ మార్చి ఎంతో కాలం కాలేదు, ఆయిల్ సీల్ లీకై ప్లేటు తడిసిపోయింది. ప్రెషర్ ప్లేటు ముఖం నున్నగా ఉంది, నీలం మచ్చ లేదు, ఫింగర్లన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయి. అప్పుడు దాన్ని బాగా తుడిచి మళ్లీ వాడుకోవచ్చు. ఫింగర్ల ఎత్తు చూడటం తేలిక. ప్రెషర్ ప్లేటును చదునైన చోట పెట్టి పక్క నుంచి కంటితో చూస్తే ఒకటి పైకి, ఒకటి కిందికి ఉన్నది తెలిసిపోతుంది. దాని ముఖానికి అడ్డంగా ఉక్కు స్కేలు ఆనించి, స్కేలు కింద మధ్యలో వెలుతురు ఎంత కనిపిస్తుందో చూస్తే గుంత పడిందో లేదో అర్థమవుతుంది. గుంత లోతుగా ఉంటే ఆ ప్రెషర్ ప్లేటు పాత సామాను కిందికే.

రిలీజ్ బేరింగ్ విషయంలో మాత్రం ఏ మినహాయింపూ లేదు. గేర్‌బాక్స్ దిగిందంటే అది మారాల్సిందే. సెట్ మొత్తంలో అతి చవక పార్టు అదే, అది పోతే మళ్లీ గేర్‌బాక్స్ మొత్తం దించాల్సి వస్తుందన్నదీ అంతే నిజం.

ఇంకో దారి ఉంది, పాత ప్లేటుకు కొత్త లైనింగ్ కొట్టించడం. ట్రాక్టర్లకు, పాత జీపులకు ఇది మన దగ్గర మామూలే. తక్కువ వేగంతో తిరిగే ఇంజిన్లకు నడుస్తుంది కూడా. కారు ప్లేటుకు నేను వద్దనే చెబుతాను. కారు ఇంజిన్ నిమిషానికి ఐదారు వేల చుట్లు తిరిగినప్పుడు రివెట్టు సరిగా పట్టక లైనింగ్ ముక్క ఊడితే బెల్ హౌసింగ్ లోపల అంతా చెడుతుంది. ప్లేటు మధ్యలో ఉండే చిన్న స్ప్రింగులు వదులైపోయి ఉంటే, లైనింగ్ ఎంత కొత్తదైనా ఆ వదులు అలాగే ఉంటుంది.

కంపెనీ మాల్, బ్రాండ్ మాల్, లోకల్ మాల్

కారు కంపెనీ తన పేరుతో అమ్మే డబ్బా ఒకటి. వాలియో, లుక్, ఎక్సెడీ, సాక్స్ లాంటి క్లచ్ తయారీదారులు తమ పేరుతోనే అమ్మే డబ్బా రెండోది. పేరూ ఊరూ లేని లోకల్ మాల్ మూడోది. క్లచ్‌ను కార్ల కంపెనీలు సాధారణంగా సొంతంగా తయారు చేయవు, ఇలాంటి తయారీదారుల దగ్గరే తీసుకుంటాయి. కాబట్టి మీ కారుకు మొదట ఏ బ్రాండ్ వచ్చిందో తెలుసుకుంటే మొదటి రెండింట్లో ఏది తక్కువకు దొరికితే అది తీసుకోవచ్చు. పాత ప్రెషర్ ప్లేటు కవరు మీద ఆ బ్రాండ్ పేరు, నంబరు అచ్చువేసి ఉంటాయి. అది ఫొటో తీయమని మెకానిక్‌కు చెప్పండి. క్లచ్ ఎప్పుడూ మార్చని కారైతే, షాపులో మీ చేతికి అంతకంటే మంచి ఆధారం దొరకదు.

మూడో రకం నేను ఎవరికీ చెప్పను. అందులోనూ అసలు భయం లోకల్ మాల్ అని చెప్పి అమ్మేదాంతో కాదు, పెద్ద బ్రాండ్ డబ్బాలో వచ్చే నకిలీతో. డబ్బా మీద హోలోగ్రామ్, క్యూఆర్ కోడ్ ఉంటే స్కాన్ చేసి చూడండి. అచ్చు మసకగా ఉన్నా, పార్టు మీద నంబరు డబ్బా మీది నంబరుతో కలవకపోయినా తీసుకోకండి. జీఎస్టీ బిల్లు అడగండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వాహన విడిభాగాల మీద పన్ను 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పాత ఎమ్మార్పీ అచ్చున్న డబ్బా ఇస్తే బిల్లులో ఏ రేటు పన్ను వేశారో చూసుకోండి.

సామాను తెప్పించేటప్పుడు కారు పేరు, సంవత్సరం చెబితే సరిపోదు, ఛాసిస్ నంబరు ఇవ్వండి. ఒకే పేరున్న కారులో పెట్రోల్‌కు ఒక సైజు, డీజిల్‌కు ఒక సైజు, మధ్యలో మారిన మోడల్‌కు మరొక సైజు ఉంటాయి. హైదరాబాద్ నుంచి పార్శిల్‌లో వచ్చిన సెట్ సరిపోకపోతే వెనక్కి పంపడానికే రెండు రోజులు పోతాయి, అన్ని రోజులూ కారు విప్పి పడి ఉంటుంది. సామాను రాగానే పాత ప్లేటు మీద కొత్త ప్లేటు పెట్టి చుట్టుకొలత చూడాలి, మధ్య రంధ్రంలోని పళ్లు లెక్కపెట్టాలి. ప్లేటును ఇన్‌పుట్ షాఫ్ట్ మీద తొడిగి, అటూ ఇటూ ఆగకుండా జారుతోందో లేదో చూసిన తర్వాతే బిగించడం మొదలుపెట్టాలి.

ఫ్లైవీల్: తుడిస్తే చాలా, ఫేసింగ్ కొట్టించాలా, కొత్తది కొనాలా?

ఈ నిర్ణయం మీద కాస్త ఎక్కువ సేపు ఆగాలి. షెడ్లలో ఎక్కువగా దాటేసే పని ఇదే, కొత్త సెట్ వేశాక కూడా వణుకు మిగలడానికి పెద్ద కారణమూ ఇదే.

ముఖం సమంగా, బూడిద రంగులో ఉండి, గోరుతో గీస్తే తగలనంత సన్నటి గీతలే ఉంటే తుడవడం చాలు. సన్నటి ఎమెరీ కాగితంతో గుండ్రంగా కాకుండా అన్ని వైపులకూ రుద్ది పాత మెరుపు తీసేసి, బ్రేక్ క్లీనర్‌తో కడిగి, నూలు పోగులు వదలని శుభ్రమైన గుడ్డతో తుడవాలి. అంతటితో సరి.

గోరుకు తగిలే గాడులు, నీలం మచ్చలు ఉంటే ఫేసింగ్ కొట్టించాలి, అంటే ముఖాన్ని మళ్లీ చదును చేయించాలి. ఇక్కడ రెండు పద్ధతులు. లేత్ మీద పెట్టి గీయడం ఒకటి, సర్ఫేస్ గ్రైండింగ్ మరొకటి. కాలి గట్టిపడిన మచ్చల దగ్గర లేత్ టూల్ పైకి జారుతుంది, అక్కడ చిన్న మిట్ట మిగిలిపోతుంది. గ్రైండింగ్ రాయి ఆ గట్టి మచ్చనూ చుట్టుపక్కల లోహాన్నీ ఒకే మట్టంలో కోస్తుంది. అందుకని గ్రైండింగ్ దొరికితే అదే మేలు, కొంచెం దూరం పంపాల్సి వచ్చినా సరే. కొన్ని ఫ్లైవీళ్లలో ప్లేటు ఆనే ముఖం ఒక మట్టంలో, ప్రెషర్ ప్లేటు బిగించే అంచు ఇంకో మట్టంలో ఉంటాయి. అలాంటిదాన్ని ఎంత గీశారో అంత రెండు చోట్లా గీయాలి. ముఖం మాత్రమే గీసి అంచు వదిలేస్తే ప్రెషర్ ప్లేటు పట్టు తగ్గిపోతుంది, కొత్త క్లచ్ మొదటి రోజు నుంచే జారుతుంది. ఈ మాట లేత్ దగ్గర నోటితో చెప్పడం కంటే కాగితం మీద రాసి ఫ్లైవీల్‌కు అంటించి పంపడం మంచిది.

వెంట్రుక పగుళ్లు బోల్టు రంధ్రాల దాకా పాకినా, మందం కారు కంపెనీ ఇచ్చిన కనీస కొలత కంటే తగ్గినా కొత్తది కొనాల్సిందే. స్టార్టర్ మోటార్ పళ్లు కలిసే రింగు గేరు అరిగితే, ఆ రింగు విడిగా దొరికే కార్లలో అది ఒక్కటీ మార్పించుకోవచ్చు.

టర్బో డీజిల్ కార్లు చాలా వాటిలో డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ ఉంటుంది. రెండు పళ్లేల మధ్య స్ప్రింగులు, గ్రీజు పెట్టి కలిపినట్టు ఉండే ఫ్లైవీల్ ఇది. సాధారణంగా దీన్ని గీయించకూడదు. చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూడాలి, ముందుకూ వెనక్కూ ఊపి చూడాలి. కంపెనీ ఇచ్చిన హద్దు దాటి ఊగినా, లోపలి గ్రీజు బయటికి కారినా మార్చాలి. ధర ఎక్కువ కాబట్టి "ఇప్పటికి పాతదే పెడదాం" అనిపిస్తుంది. హద్దులోనే ఉంటే ఆ నిర్ణయం తప్పు కాదు. కారుతుంటే మాత్రం ఆ గ్రీజు కొత్త ప్లేటు మీదే పడుతుంది, కాబట్టి వాయిదా వేయకండి.

ఫ్లైవీల్ విప్పితే దాని బోల్టుల సంగతి అడగండి. చాలా కార్లలో అవి ఒక్కసారి బిగించడానికే పనికొచ్చేవి. కంపెనీ కొత్తవి వేయమంటే కొత్తవే వేయాలి.

కడగడం: పెట్రోలు డబ్బా పక్కన పెట్టించండి

మన షెడ్లలో కిరోసిన్, డీజిల్, పెట్రోలుతో కడగడం పాత అలవాటు. గేర్‌బాక్స్ పైభాగానికి, బెల్ హౌసింగ్ బయటి మట్టికి కిరోసిన్ వాడితే నష్టం లేదు. ఫ్లైవీల్ ముఖానికి, ప్రెషర్ ప్లేటు ముఖానికి మాత్రం వాడకూడదు. కిరోసిన్, డీజిల్ ఆరినా సన్నటి నూనె పొర మిగులుతుంది. పెట్రోలుకు నిప్పు భయం వేరే. ఈ రెండు ముఖాలకూ బ్రేక్ క్లీనర్ స్ప్రే సరైనది. కొత్త ప్రెషర్ ప్లేటు డబ్బాలోంచి వచ్చేటప్పుడు తుప్పు పట్టకుండా దాని మీద నూనె పూసి ఉంటుంది, దాన్ని కూడా తుడవాలి. కొత్తదే కదా అని అలాగే బిగించేస్తే ఆ నూనె ప్లేటుకు అంటి మొదటి రోజే వణుకు మొదలవుతుంది.

బెల్ హౌసింగ్ లోపలి నల్లటి పొడిని కంప్రెసర్ గాలితో ఊదడం చూస్తూనే ఉంటాం. దయచేసి వద్దని చెప్పండి. అది అరిగిన లైనింగ్ పొడి, పాత చవక ప్లేట్లయితే అందులో ఆస్బెస్టాస్ ఉండే అవకాశమూ ఉంది. షెడ్డులో రోజంతా ఉండేది ఆ కుర్రాళ్లే, అది పోయేది వాళ్ల ఊపిరితిత్తుల్లోకి. తడి గుడ్డతో తుడవాలి, లేదా బ్రేక్ క్లీనర్ చల్లి పొడిని తడిపి కిందికి కార్చాలి, ముక్కుకు మాస్కు కట్టుకోవాలి. పొడి తుడిచాక కనిపించే మరకలు కూడా చాలా చెబుతాయి. ఏ సీల్ దగ్గర తడి మొదలైందో అప్పుడే తెలుస్తుంది. అందుకే మొత్తం కడిగేయకముందు ఒక ఫొటో తీయించుకోండి.

కడగకూడనివి రెండు. రిలీజ్ బేరింగ్ సీలు వేసిన బేరింగ్. పెట్రోలులో ముంచితే లోపలి గ్రీజు కరిగిపోయి కొద్ది రోజుల్లోనే అరవడం మొదలుపెడుతుంది. రెండోది నూనెలో నానిన క్లచ్ ప్లేటు. ఎంత కడిగినా, ఎండలో పెట్టినా, లైనింగ్ పీల్చుకున్న నూనె వేడెక్కగానే మళ్లీ బయటికి వస్తుంది. దాన్ని పక్కన పడేయడం తప్ప మార్గం లేదు.

వరదలో మునిగిన కార్ల సంగతి వేరు. 2020 ఆగస్టులో, 2023 జూలైలో హన్మకొండ కాలనీల్లో నీళ్లు నిలిచినప్పుడు కార్లూ నీళ్లలో ఉండిపోయాయి. అలా నిలిచిన కారులో ప్లేటు తుప్పుతో ఫ్లైవీల్‌కు అతుక్కుంటుంది, పెడల్ తొక్కినా గేరు పడదు. లైనింగ్ మందంగానే ఉండి ఉబ్బకుండా, పొరలు లేవకుండా ఉంటే ఇక్కడ తుడవడం వైపే మొగ్గొచ్చు. ఫ్లైవీల్, ప్రెషర్ ప్లేటు ముఖాల తుప్పు రుద్దేసి, రిలీజ్ బేరింగ్ మాత్రం మార్చేసి, గేర్ ఆయిల్ పాలరంగులోకి మారిందేమో చూడాలి. పాలరంగులో ఉంటే నీళ్లు కలిసినట్టే, ఆయిల్ మార్చాలి.

గ్రీజు: బొట్టు పెట్టినంత

ఎక్కువ గ్రీజు పెడితే ఎక్కువ మేలు అనుకోవడం క్లచ్‌లో చాలా నష్టం చేస్తుంది. తిరిగే షాఫ్ట్ అదనపు గ్రీజును విసిరి ప్లేటు మీద చల్లుతుంది. మిగిలినదానికి లైనింగ్ పొడి, రోడ్డు దుమ్ము అంటుకుని రాపిడి ముద్దగా తయారవుతుంది. కరీంనగర్ గ్రానైట్ క్వారీల దారిలో, భూపాలపల్లి బొగ్గు లారీల వెంట తిరిగే బండ్లలో ఈ దుమ్ము ఇంకా ఎక్కువ.

ఇన్‌పుట్ షాఫ్ట్ స్ప్లైన్ల (ప్లేటు తొడిగే చోట ఉండే పొడవాటి పళ్ల) తుప్పును ముందు వైర్ బ్రష్‌తో తీసేయాలి. తర్వాత సన్నటి పొరగా గ్రీజు రాసి, ప్లేటును తొడిగి అటూ ఇటూ జరిపి, బయటికి తీసి, అంచుల్లోకి పోగైన గ్రీజును తుడిచేయాలి. పళ్ల మీద మిగిలే పల్చటి మెరుపే చాలు. ప్లేటు హబ్ (పళ్లున్న మధ్య భాగం) మసక వెండి రంగులో నికెల్ పూతతో వస్తే దానికి గ్రీజు అసలు వద్దని తయారీదారులే చెబుతారు, డబ్బాలోని కాగితం చూడండి.

ఫోర్కు (పెడల్ తొక్కితే రిలీజ్ బేరింగ్‌ను నెట్టే మీట) కింద ఆనే గుండు, బేరింగ్‌ను నెట్టే ఫోర్కు కొసలు, ఫోర్కు షాఫ్ట్ బుష్‌లు గ్రీజు కోరుకునే చోట్లు. ఇక్కడ పొడిగా వదిలేస్తే పెడల్ బరువెక్కి కిర్రుమంటుంది. రిలీజ్ బేరింగ్ జారే లోహపు గొట్టానికి, బేరింగ్ స్లీవ్ కూడా లోహమే అయితే పల్చగా రాయొచ్చు. స్లీవ్ ప్లాస్టిక్‌దైతే పొడిగానే వదలాలి, గ్రీజు పెడితే దుమ్ము పట్టి అంటుకుపోతుంది. ఫింగర్ల మీద, బేరింగ్ ముఖం మీద, ఫ్లైవీల్ మీద గ్రీజు వేలు కూడా తగలకూడదు.

ఏ గ్రీజు? కారు మాన్యువల్ చెప్పినది మొదటి ఎంపిక. కిట్‌లో చిన్న సాచెట్ వస్తే అది వాడొచ్చు. షెడ్డులో పెద్ద డబ్బాలో ఉండే ఛాసిస్ గ్రీజు వేడికి కరిగి కారుతుంది. కాపర్ గ్రీజులో లోహపు రేణువులుంటాయి, అది స్ప్లైన్లకు పనికిరాదు.

క్లచ్ కేబుల్‌కు ఆయిల్ పోసే అలవాటు కూడా మానుకోవాలి. ఇప్పటి కేబుళ్లకు లోపల ప్లాస్టిక్ పొర ఉంటుంది, ఆయిల్ దుమ్మును లాగుతుంది. కేబుల్ గట్టిపడితే మార్చేయడమే.

ఆయిల్ సీళ్లు

బెల్ హౌసింగ్‌లోకి రెండు వైపుల నుంచి ఆయిల్ రావొచ్చు. ఇంజిన్ వెనక క్రాంక్ సీల్ నుంచి ఇంజిన్ ఆయిల్, ఇన్‌పుట్ షాఫ్ట్ సీల్ నుంచి గేర్ ఆయిల్. వాసన చూస్తే తెలుస్తుంది. గేర్ ఆయిల్‌కు గంధకం కలిసిన ఘాటు వాసన ఉంటుంది, ఇంజిన్ ఆయిల్‌కు అది ఉండదు.

తడి కనిపిస్తే ఆ సీల్ మార్చాలి, అందులో ఆలోచించేదేమీ లేదు. పొడిగా ఉంటేనే చర్చ. బండి లక్ష కిలోమీటర్లు దాటితే, లేదా రబ్బరు గట్టిబడి పెళుసుగా అనిపిస్తే మార్చమనే చెబుతాను. ఎందుకంటే సీల్ ధర వందల్లో ఉంటుంది, గేర్‌బాక్స్ మళ్లీ దించే కూలి వేలల్లో ఉంటుంది. తక్కువ తిరిగిన బండిలో పొడిగా, మెత్తగా ఉన్న క్రాంక్ సీల్‌ను మాత్రం కదిలించకపోవడమే మేలు. దాన్ని పీకేటప్పుడు షాఫ్ట్ మీద స్క్రూడ్రైవర్ గీత పడితే, కొత్త సీల్ వేసినా అక్కడి నుంచే కారుతుంది. సీల్ వేసే చెయ్యి మంచిదో కాదో మీకు తెలియకపోతే, లేని లీకును కొనుక్కోవద్దు. డ్రైవ్ షాఫ్ట్ సీళ్లు బయటివే అయినా షాఫ్టులు ఎలాగూ ఊడాయి కాబట్టి ఇప్పుడే మార్చుకోవచ్చు. గేర్ ఆయిల్ ఎలాగూ దించారు, పాతదే మళ్లీ పోయనివ్వకండి.

కేబుల్, బయటి సిలిండర్, లోపలి సిలిండర్

మొదట చెప్పిన లోపల, బయట అన్న లెక్క ఇక్కడ స్పష్టంగా పనిచేస్తుంది. కేబుల్ బయట ఉంటుంది. పోగులు తెగకుండా, మెత్తగా కదులుతుంటే ఉంచండి. హైడ్రాలిక్ క్లచ్‌లో కేబుల్‌కు బదులు ఆయిల్ ఒత్తిడితో నెట్టే స్లేవ్ సిలిండర్ ఉంటుంది. అది గేర్‌బాక్స్ బయట బిగించి ఉంటే, కారకపోతే ఉంచండి. రబ్బరు బూటు ఎత్తి లోపల తడి ఉందో చూస్తే చాలు.

రిలీజ్ బేరింగ్, సిలిండర్ కలిసి ఒకటే గుండ్రటి పార్టుగా బెల్ హౌసింగ్ లోపల కూర్చునే కార్లూ చాలా ఉన్నాయి. ఇది బాగున్నట్టు కనిపించినా మార్చండి. కొత్త క్లచ్‌లో స్ప్రింగు బలంగా ఉంటుంది, పిస్టన్ ఆగే చోటు మారుతుంది, పాత సీల్ ఆ కొత్త చోట కారడం మొదలుపెడుతుంది. కారితే బ్రేక్ ఆయిల్ తిన్నగా కొత్త ప్లేటు మీదికే. బిగించే ముందు దాన్ని చేత్తో నొక్కి ఆడించకూడదు. గేర్‌బాక్స్ ఎక్కేదాకా ఎవరూ పెడల్ తొక్కకూడదు, తొక్కితే పిస్టన్ బయటికి వచ్చేస్తుంది. దాని సీళ్లకు పెట్రోలుగానీ మామూలు గ్రీజుగానీ తగిలితే రబ్బరు ఉబ్బుతుంది.

హైడ్రాలిక్ క్లచ్ ఏ రకమైనా కొత్త ఆయిల్ పోసి బ్లీడింగ్ (పైపులో చిక్కిన గాలి తీసేయడం) చేయించండి. మూత మీద డాట్ 3 అని ఉందో, డాట్ 4 అని ఉందో చూసి అదే పోయాలి. ఎన్నాళ్లుగానో తెరిచి ఉన్న సీసాలోది వద్దు, అది గాలిలోని తేమను పీలుస్తుంది. పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లతో కడగాలి.

పని ఎక్కడ చేయించాలి?

మామూలు కేబుల్ క్లచ్ ఉన్న చిన్న కారుకు, చెయ్యి తెలిసిన ఆటోనగర్ మెకానిక్ కంపెనీ సర్వీస్ సెంటర్‌కు ఏమాత్రం తీసిపోడు. కూలి తక్కువ, పక్కన నిలబడి చూసే వీలుంటుంది, పాత పార్టులు చేతికిస్తాడు. సర్వీస్ సెంటర్‌లో పనికి వారంటీ, లెక్క ప్రకారం టార్క్ బిగింపు దొరుకుతాయి, లోపలికి వెళ్లి చూసే అవకాశం మాత్రం తక్కువ.

రెండు రకాల బండ్లకు నేను సరంజామా చూసి ఎంచుకోమంటాను. క్లచ్ పెడల్ లేని ఏఎంటీ కార్లకు కొత్త క్లచ్ వేశాక స్కానర్ పెట్టి కొత్త కొలతలు నేర్పించాలి. ఆ స్కానర్ లేని షెడ్డులో ఎంత బాగా బిగించినా బండి కుదుపుతూనే ఉంటుంది. తనంతట తాను సర్దుకునే ప్రెషర్ ప్లేటు ఉన్న కార్లకు దాన్ని నొక్కి పట్టే ప్రత్యేక టూల్ కావాలి. ఒప్పుకునే ముందే "ఆ టూల్ ఉందా?" అని అడగండి. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

వీలుంటే బిగించే సమయానికి అక్కడ ఉండండి. ప్లేటును మధ్యకు తెచ్చే అలైన్‌మెంట్ టూల్ వాడుతున్నారా, ప్లేటు మీద ఫ్లైవీల్ వైపు అని రాసి ఉన్న ముఖం ఫ్లైవీల్ వైపే ఉందా, బోల్టులను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగిస్తున్నారా చూడండి. గేర్‌బాక్స్ ఎక్కించేటప్పుడు దాని బరువు ప్లేటు హబ్ మీద వేలాడకూడదు. వేలాడితే ప్లేటు వంగుతుంది, తర్వాత గేర్లు కరకరమంటూ పడతాయి. ఇద్దరు మనుషులో, ఒక గేర్‌బాక్స్ జాకీయో ఉంటే ఆ బాధ ఉండదు. గేర్‌బాక్స్‌ను ఇంజిన్‌కు సరిగ్గా కూర్చోబెట్టే డోవెల్ పిన్నులు వాటి చోట ఉన్నాయో లేదో కూడా ఎక్కించే ముందే చూడాలి.

బండి చేతికొచ్చాక మొదటి ఐదారు వందల కిలోమీటర్లు కొత్త లైనింగ్‌ను మెత్తగా కూర్చోనివ్వండి. గట్టిగా ఎక్సలేటర్ తొక్కి వదలడం, ఎక్కువ లోడు వేయడం, వంతెన ఎత్తు మీద హాఫ్ క్లచ్‌తో నిలబెట్టడం కొన్నాళ్లు ఆపండి. మొదటి రోజుల్లో కాస్త వాసన రావొచ్చు, అది తగ్గుతూ పోవాలి. కేబుల్ బండైతే పెడల్ ఫ్రీ ప్లే (పెడల్ పైన వదులుగా కదిలే దూరం) మారుతుంది, వారం పది రోజులకు ఒకసారి తీసుకెళ్లి మాన్యువల్‌లో ఉన్న కొలతకు సర్దించండి. అదే రోజు బండి కిందికి టార్చి వేసి బెల్ హౌసింగ్ అడుగున, డ్రైవ్ షాఫ్ట్ సీళ్ల దగ్గర తడి ఉందేమో చూడమనండి. తడి ఉంటే అక్కడే, అప్పుడే చెప్పండి. పని వారంటీలో ఉండగా చెప్పిన లీకుకు బాధ్యత మెకానిక్‌ది.